పెదాల మీది తెలుగు

గడ్డం లేని హీరో ఎక్కడైనా ఉంటే చెప్పండి, సినిమా ఎంత చెత్తదైనా చూస్తాను. నేను పనిచేసే చీరల దుకాణంలో ఈ మాట అన్నప్పుడల్లా తోటి అమ్మాయిలు నవ్వుతారు. వాళ్లకు గడ్డాలే ఇష్టం. సినిమాల మీద నా అభిప్రాయాలు అడగకుండానే చెబుతానని మా మార్కెట్లో నాకు పేరుంది. ఈ మధ్య సినిమాల్లో అన్నీ చీకటి గదులే, ఎవరు ఎవరిని చంపుతున్నారో టార్చి వేసుకుని చూడాలి. సీరియల్లో అత్తగారు కాఫీ కప్పు కింద పెట్టినా పిడుగు పడ్డంత మ్యూజిక్. కామెడీ షోలో జోకు పూర్తికాకముందే జడ్జీలు కుర్చీల్లోంచి జారి పడిపోతారు, ఇంట్లో ఉన్న మనకు నవ్వే అవకాశం ఎక్కడిది? ఇవన్నీ సరదాకు అనే మాటలు. గడ్డాల మాట మాత్రం సరదాకు కాదు. అది మా బాపు కోసం.

బాపు అంటే మా నాన్న. కరీంనగర్ దిక్కు నుంచి సూరత్ వచ్చి, ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లూ పాండేసరలో సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. వాటి చప్పుడులో పక్కవాడి మాట పక్కవాడికి వినిపించదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. గొంతు తీయకుండా పెదాలు మాత్రం బాగా కదిపి మాట్లాడతారు, ఎదుటివాళ్లు చూసి అర్థం చేసుకుంటారు. అమ్మ అదే కార్ఖానాలో నూలు కండెలు చుట్టేది. వాళ్లిద్దరూ ఇంట్లో కూడా అలాగే పోట్లాడుకునేవాళ్లు, చప్పుడు లేకుండా. పక్క గదిలోని ఒడియావాళ్లు మాది మహా మర్యాదస్తుల కుటుంబం అనుకునేవాళ్లు. ఏళ్లు గడిచేసరికి బాపు చెవులు దాదాపుగా పోయాయి. ఆయన దానికి పెద్దగా బాధపడినట్టు నాకు గుర్తులేదు.

అప్పట్లో గోడాదరాలో మేముండే గదికి తెలుగు ఛానెళ్లు వచ్చేవి కావు. సాంచాలు బంద్ ఉన్న రోజు మధ్యాహ్నం హిందీ ఛానెల్లో తెలుగు సినిమా వేసేవారు, మాటలు హిందీలోకి మార్చి. పేరు కూడా మార్చేవారు. ఆ పేరులో ఏదో ఒక క్రూరమృగం ఉండి తీరాలి. హీరోకు గర్జించే గొంతు, కమెడియన్‌కు ముక్కుతో మాట్లాడే గొంతు. పైగా కామెడీ సగం కత్తిరించేవారు. ఆ కత్తెర పట్టుకున్నవాడు ఎదురైతే ఈరోజుకీ నేను ఊరుకోను. నేనూ తమ్ముడూ ఆ మిగిలిన హిందీ విని నవ్వేవాళ్లం. బాపు మాకంటే ముందే నవ్వేవాడు.

ఆయన వినేవాడు కాదు, చూసేవాడు. గొంతులు హిందీకి మార్చారు గానీ పెదాలను ఎవరూ మార్చలేదు. వాటి మీద తెలుగు అట్లాగే ఉంది. సూరత్‌లో అందరూ తినే లోచో టిఫిను పొట్లం ఒళ్లో పెట్టుకుని, టీవీకి జానెడు దూరంలో కూర్చుని, బాపు ఆ తెలుగు మాకు చెబుతుండేవాడు. మా ఇంట్లో ఒకేసారి రెండు సినిమాలు ఆడేవి.

"ఈ పిల్ల తెలుగు మాట్లాడుతలేదు బిడ్డా, ఊకె వన్ టూ త్రీ ఫోర్ అంటాంది," అనేవాడు ఒక హీరోయిన్‌ను చూసి. ఏడుపు సీనులోనూ ఆమెది అదే వరస. హీరో ప్రాణం పోతుంటే హీరోయిన్ అంకెలు లెక్కపెడుతోందని తెలిశాక ఎవరికి ఏడుపొస్తుంది? ఆ తర్వాత నేను ఏ విషాదాంత సినిమానూ మనస్ఫూర్తిగా నమ్మలేకపోయాను.

ఒక సినిమాలో కమెడియన్ పిలవని పెళ్లికి పోయి బంతిలో కూర్చుంటాడు. పెళ్లికూతురి తండ్రి వచ్చి నువ్వెవరి తరఫు అని నిలదీస్తాడు. హిందీలో వాడు "అరే భాయ్, ఖానే తో దో" అన్నాడు, ముందు తిననివ్వమని. అందులో నవ్వడానికేముంది? బాపు మాత్రం పొట్ట పట్టుకున్నాడు. "పిల్ల దిక్కా, పిలగాని దిక్కా అని అడిగితె, నేను బూరెల దిక్కు అంటాండు బిడ్డా!" ఆ రోజు నుంచి ఏ పెళ్లికి వెళ్లినా మా ఇంటిల్లిపాదీ బూరెల దిక్కే. ఆ సినిమాలోనే ఇంకో సీను ఉండేది. గుడి దగ్గర ఒక చెప్పు పోగొట్టుకున్న కమెడియన్, ఒంటి చెప్పు కొనడానికి దుకాణానికి పోతాడు. దానికి బాపు చెప్పే తెలుగు వినడానికి అమ్మ పొయ్యి మీద కూర వదిలేసి వచ్చేది.

తర్వాత గడ్డాలు వచ్చాయి. హీరోల పెదాలు వాటి వెనక్కి పోయాయి. కెమెరాకు వీపు పెట్టి మాట్లాడటం ఫ్యాషనైంది. ఒక మొహం తెర మీద నిలిచేలోపు ఇంకో మొహం వచ్చి పడేది. "గీ సినిమాలు మంచిగ లేవు," అని బాపు మూతి తిప్పేవాడు. టేకింగ్ మారింది, కాలం మారిందని నేను గంటలకొద్దీ వాదించేదాన్ని. ఆయనకు నోళ్లు కనిపించడం లేదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

పోయిన ఏడాది షుగర్ కళ్లకు ఎక్కింది. ఇప్పుడు టీవీలో మనుషులు కదులుతున్నారని మాత్రమే ఆయనకు తెలుస్తుంది. మంచి వెలుతురులో, ఎదురుగా దగ్గరగా కూర్చుంటే మొహం కనిపిస్తుంది. ఉన్న చూపు కాపాడుకోవడమే, కొత్తగా రాదు అన్నాడు డాక్టరు. ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు. అప్పటినుంచి నాకు ఒకటే పట్టుదల. ఆ కాస్త చూపు ఉండగానే బాపును ఒక్కసారి మునుపటిలా నవ్వించాలి.

ఇప్పుడు ఫోనులో దొరకని సినిమా లేదు. ఆ పెళ్లి సినిమా అసలు తెలుగుది వెతికి పట్టుకుని ముందు నేనొక్కదాన్నే చూశాను. ఎవరి తరఫు అని అడిగే చోట కమెడియన్ నోటికి లడ్డూ అడ్డం ఉంది. "మగపెళ్లివారమండీ" అన్నాడు, అంతే. వెనక్కి జరిపి మళ్లీ చూశాను. అసలు ఆ విస్తరిలో బూరె అన్నదే లేదు. మిగతా సినిమా చూడకుండా అక్కడే ఆపేశాను.

బాపు దగ్గరికి పోయి ఎదురుగా కూర్చుని అడిగాను.

"వాడు బూరెల దిక్కు అన్లేదు గదా బాపూ?"

ఆయన నా పెదాలు చూసి తల గోక్కున్నాడు. "నోరు కనవడకపోతె నేనే ఏదో ఒకటి అంటుంటి. మీరు నవ్వుతుంటిరి గదా."

ఎన్ని మధ్యాహ్నాలు, ఎన్ని సినిమాలు, ఎన్ని మాటలు. వాటిలో కమెడియన్లవి ఏవి, మా బాపువి ఏవి? బాపువి ఏ ఫోనులో వెతికినా దొరకవు. బూరెల మాట ఒక్కటి మా నోళ్లలో నానింది కాబట్టి మిగిలింది. అడ్డమైన సీరియల్లో ఎవరెవరికి ఏమవుతారో గడగడా చెప్పే నాకు, బాపు అల్లిన మాట ఇంకొక్కటీ గుర్తులేదు. ఆయన పక్కన కూర్చుని చెబుతూనే ఉంటాడనుకున్నాను.

ఒంటి చెప్పు సీను చెప్పమని అడిగాను.

"ఏమో బిడ్డా, మొఖం జూస్తె వచ్చేటియి గవి. ఇప్పుడేడ యాదికుంటయి?" అన్నాడు.

అయితే నేనే చెబుదామని లేచాను. టీవీ కట్టేసి, కిటికీ వెలుగు నా మొహం మీద పడేలా ఆయన ముందు నిలబడ్డాను. ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో కాలితో కుంటుతూ గదిలో అటూ ఇటూ నడిచాను. బాపు మొహంలో ఉత్సాహం వచ్చింది. సీను పట్టేశాడు. నేను ఆయనకు దగ్గరగా వంగి, సాంచాల మధ్య మాట్లాడినట్టే గొంతు తీయకుండా, పెదాలు బాగా కదిపి మొదలుపెట్టాను.

"భాయ్ సాబ్, ఏక్ చప్పల్ కా కిత్నా లోగే?"

రెండో మాట కూడా హిందీలోనే వచ్చింది. ఆగి, తెలుగు కోసం వెతికాను. దొరకలేదు. ఆ సీను నాలో మొదటి నుంచి చివరిదాకా హిందీలోనే ఉంది.

బాపు నా మొహంలోకి చూస్తూ కనుబొమలు ఎగరేశాడు.

"ఏంది బిడ్డా, నువ్వు సుత డబ్బింగేనా?"

అని పొట్ట పట్టుకుని నవ్వాడు, అచ్చం అప్పటిలాగే. నేనూ నవ్వబోయాను గానీ పెదాలు నా మాట వినలేదు. ఆయన చదవకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. నేను నవ్వు ఆపుకుంటున్నాననుకున్నాడు బాపు.