పై పోర్షన్‌లో పొంగిన పాలు

మా అశోక్‌నగర్‌లో ఒకప్పుడు మనుషులు కాపురాలు చేసేవారు. ఇప్పుడు పరీక్షలకు చదువుతున్నారు. కింద జిరాక్స్ షాపు, దాని మీద స్టడీ హాలు, ఆ మీద హాస్టలు. నీళ్ల ట్యాంకు నీడ కూడా ఖాళీగా ఉండదు, ఎవరో ఒకరు పుస్తకం పట్టుకొని కూర్చుంటారు. ఆ పిల్లల మీద నాకేమీ కోపం లేదు, పాపం ఉద్యోగం కోసం ఏళ్లకేళ్లు కళ్లు పోగొట్టుకుంటున్నారు. నా మంటంతా ఓనర్ల మీదే. తలకింత అని కిరాయి తీసుకోవడం మరిగాక వాళ్లకు సంసారం అంటే గిట్టడం మానేసింది. పది మంచాలు పట్టే చోట ఐదుగురు మనుషులు, ఒక బీరువా వచ్చి కూర్చుంటే వాళ్లకు కడుపు రగిలిపోతుంది.

అలాంటి వీధిలోకి మాధురి ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, మా గేటు దగ్గర నిలబడి మంచినీళ్లు అడిగింది. సన్నగా, నల్లగా, ముప్పై అయిదు దాటని మనిషి. రెండు గ్లాసులు తాగి, మూడో గ్లాసు అడగడానికి మొహమాటపడింది. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను.

వాళ్లది జనగామ. భర్త రాజీవ్ నారాయణగూడలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. తెల్లవారకముందే రైలెక్కి సికింద్రాబాద్ రావడం, అక్కడి నుంచి మెట్రో, మళ్లీ రాత్రి అదే దారిలో వెనక్కి. పొద్దున ఆయన వెళ్లేటప్పుడు పిల్లలు లేవరు, తిరిగి వచ్చేసరికి పడుకుంటారు. ఇట్లా ఆరేళ్లు గడిచాయి. ఆరో తరగతి చదివే కీర్తనకు తండ్రితో ఆడుకున్న రోజులు గుర్తున్నాయి గానీ, రెండో తరగతి హర్షకు ఆయన ఎవరో చుట్టం లెక్క.

"వాళ్ల నాన్న ఏమన్న చెప్తె చిన్నోడు నా మొకం చూస్తడక్క," అంది మాధురి. "వినాల్నా వద్దా అని నన్ను అడిగినట్టు. ఆయనకు గది అర్థమైతది. ఏమనడు, లేచి బయటికి పోతడు. బడులు తెరిచేలోపల ఇక్కడ ఇల్లు దొరకాలె. అందరం ఒక్కకాడ ఉండాలె. గంతే."

ఎంత కిరాయి పెట్టుకోగలరని అడిగాను. చెప్పింది. నా మొహంలో ఏం కనిపించిందో, తల వంచుకుంది.

అప్పటికి చిక్కడపల్లి సందులన్నీ తిరిగిందట. నల్లకుంట, రాంనగర్ కూడా చూసింది. ఒకాయన ఇంటిపేరు అడిగాడు, చెప్పాక ఇల్లు లేదన్నాడు. ఇంకొకామె రోజుకు ఎన్ని బకెట్ల నీళ్లు వాడతారని అడిగింది. నారాయణగూడ ఫ్లైఓవర్ వెనక ఒక ఇల్లు అన్నివిధాలా నచ్చింది. తీరా వాళ్లు, అత్తగారు కూడా ఉంటుందా, అయితే వద్దు, ముసలివాళ్లు రోజంతా ఇంట్లోనే ఉంటారు అన్నారట. ఇవన్నీ ఆమె మామూలుగానే చెప్పింది. వింటున్న నాకే ఒళ్లు మండింది. చెప్పులు వేసుకొని, ఆమెను మా పక్కింటికి తీసుకెళ్లాను.

పక్కిల్లు కమలాకుమారి గారిది. ఆమె అత్తమామలు ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో తెనాలి నుంచి వచ్చి కట్టుకున్న ఇల్లు. భర్త పోయాక కింద ముందు భాగంలో ఆమె ఒక్కతే ఉంటుంది. డెబ్భై అయిదు దాటాయి, మోకాళ్లు అరిగాయి, నోరు మాత్రం అరగలేదు. ఆ ఇంట్లో అప్పుడు రెండు పోర్షన్లు ఖాళీగా ఉన్నాయి. పైది పెద్దది, బాల్కనీ, గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు. దాన్ని ఆమె కొడుకు రాఘవేంద్ర ఒక హాస్టలాయనకు మాట్లాడేశాడు. రాఘవేంద్ర బర్కత్‌పురలో ఉంటాడు, తల్లి వ్యవహారాలన్నీ ఫోన్‌లోనే నడిపిస్తాడు. రెండోది కింద వెనక వైపు రెండు గదుల ఇల్లు. పగలు కూడా లైటు వేసుకోవాలి. హాస్టలాయనకు కూడా అది పనికిరాలేదు కాబట్టి, కిరాయి మాధురికి అందేట్టు ఉంది.

ఆమె ఆ చీకటి గదుల్లో గోడ మీద చెయ్యి వేసి నిలబడి, "ఎండ రాకుంటె ఏమాయెనక్క, ఆయన వస్తడు గద," అంది.

అయితే ఒక చిక్కుంది. ఆ ఇంటి వాకిలి దక్షిణం. మాధురి అత్త కురుమమ్మ అన్నం లేకపోయినా ఉంటుంది గానీ, దక్షిణం వాకిలి ఉన్న ఇంట్లో అడుగు పెట్టదు. ఆ సంగతి చెబితే ఆమె జనగామలోనే పీట వేసుకొని కూర్చుంటుంది. అందుకని మాధురి ఇంటికెళ్లి, "తూర్పు దర్వాజనే అత్తమ్మా," అని చెప్పేసింది. ఒకసారి లోపలికి వచ్చి పాలు పొంగించాక ఏమంటుందిలే అనుకుంది. కిరాయి ఇంటికైనా సరే, మనవాళ్లకు పాలు పొంగితేనే అది ఇల్లు. పొంగాక దాన్ని వదిలి పోవడం ఉండదు.

మూఢం ఇంకో రోజులో వస్తోంది. అది వచ్చాక చేరకూడదంటే చేరకూడదు, అది పోయేసరికి బడులు తెరిచేస్తారు. ముందురోజే జనగామ ఇల్లు ఖాళీ చేశారు. రాజీవ్ సామాను డీసీఎం వ్యానులో వేయించుకొని వస్తాడు, ఆడవాళ్లూ పిల్లలూ రాంనగర్‌లో చుట్టాలింట్లో పడుకొని పొద్దున్నే ముహూర్తానికి వస్తారు, ఇదీ ఏర్పాటు. పొద్దున బయలుదేరాక చూస్తే పూలు మర్చిపోయారు. మాధురి పిల్లలతో చిక్కడపల్లిలో దిగి, "గేటు కాడ ఆగుండ్రి అత్తమ్మా, అయిదు నిమిషాల్ల వస్త," అని అత్తను ముందు పంపింది. పొయ్యి, గిన్నె, పాలు, బియ్యం, బెల్లం, దేవుడి పటం, పూజ గంట ఆటోలో ఆమె దగ్గరే ఉన్నాయి.

కురుమమ్మ గేటు దగ్గర ఆగే మనిషా? ముహూర్తం దాటిపోతోంది. పనిమనిషి వచ్చి వెళ్లడంతో గేటు తెరిచే ఉంది. లోపలికి వచ్చి సూర్యుడు ఏ పక్క లేస్తున్నాడో చూసుకుంది. కింద వెనక పోర్షన్ వాకిలి దక్షిణం, తాళం వేసి ఉంది. మెట్ల పైన వాకిలి తూర్పు, రంగు ఆరడానికని బార్లా తెరిచి పెట్టి ఉంది. కోడలు చెప్పింది తూర్పు. ఇంకేం కావాలి? కుడికాలు లోపల పెట్టింది.

పక్కింటి మీద నుంచి పూజ గంట చప్పుడు వినిపించి నేను పరుగెత్తుకెళ్లాను. కమలాకుమారి గారు కూడా రెయిలింగ్ పట్టుకొని ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చారు. పైన గడపకు పసుపు, కొత్త రంగు మీద కుంకుమబొట్లు, గది మధ్యలో పొయ్యి, దాని చుట్టూ తెల్లగా పొంగిన పాలు. పక్కన కురుమమ్మ కాళ్లు చాపుకొని కూర్చొని ఉంది.

"ఎవరమ్మా మీరు? ఇక్కడేం చేస్తున్నారు?" అన్నారు కమలాకుమారి గారు.

"ఇంట్ల చేరినం తల్లీ. నాలుగు దిక్కులా పొంగినయి సూడుండ్రి," అని కురుమమ్మ బెల్లం వేసిన పరమాన్నం ఆమె చేతిలో పెట్టింది. చేతిలో పెట్టిన ప్రసాదం కాదనలేక, ఆమె బిత్తరపోయి చూస్తూనే నోట్లో వేసుకున్నారు.

పూల దగ్గర ఆలస్యమైన మాధురి అప్పుడే పిల్లలతో పైకి వచ్చింది. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. "తప్పయింది ఆంటీ, ఇప్పుడే తీసేస్త," అని పొయ్యి మీద చెయ్యి వేసింది. కురుమమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"పొంగిన పొయ్యి దించుతావే? నీకేమన్న దిమాక్ ఉన్నదా?"

"ఇది మనది కాదు అత్తమ్మా. మనది కింద. దక్షిణం దర్వాజ."

కురుమమ్మ కోడలికేసి చూసిన చూపు నేను రాయలేను. ఆ పాలకన్నా ఎక్కువ పొంగింది ఆవిడ. "అబద్దం చెప్పి తోలుకొస్తవా నన్ను? నేను కదల! ఈడనే కూసుంట!" అని గోడకు ఆనుకుంది.

అదే సమయానికి మాధురి ఫోన్ మోగింది. సందు మలుపులో డీసీఎం నిలబడిందట. "ఏ ఇంటి ముంగట ఆపాలె?" అని రాజీవ్ అడుగుతున్నాడు. ఆమెకు ఏం చెప్పాలో తెలియలేదు. వెనక జనగామ ఇల్లు లేదు, ముందు ఈ ఇల్లు ఉంటుందో లేదో తెలియదు. ఓనరమ్మకు కోపం వస్తే కింది గదులు కూడా పోతాయి. "జర ఆగు," అని ఫోన్ పెట్టేసి, పూలు అలాగే గుండెకు హత్తుకొని నిలబడింది. నాకు భయమేసింది, అబద్ధం ఎందుకు, చాలా భయమేసింది.

కమలాకుమారి గారు కొడుక్కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. రాఘవేంద్ర అంతా విని, హాస్టలాయనతో మాట్లాడి, మళ్లీ చేశాడు.

"ఆయనకేం పట్టింపు లేదమ్మా. పాలే కదా, తుడిచేసుకుంటాం అన్నాడు. సాయంత్రానికి మంచాలు దింపుతాడట. వాళ్లను కిందికి వెళ్లమను."

"తుడిచేసుకుంటాడా?" అన్నారు ఆమె. గొంతు చిన్నదయింది. అది మంచి సూచన కాదని మా వీధిలో అందరికీ తెలుసు. "పాలు పొంగించుకున్న సంసారాన్ని గడప దాటించి, ఆ పాలు గుడ్డతో తుడిపించమంటావుట్రా? నీ ఇంట్లో చేయించుకో అలాంటివి. నావల్ల కాదు."

"అమ్మా, కిరాయి సంగతి ఆలోచించావా?"

"కింది గదులు చదువుకునే ఆడపిల్లలిద్దరు అడిగారు, వాళ్లకిస్తా. ఇక ఉంటాను," అని ఫోన్ పెట్టేసి, కొత్త రంగు అంటుతుందని కూడా చూడకుండా గోడకు చేరగిలబడ్డారు. ఒక పెద్ద నిట్టూర్పు విడిచారు. అది బాధతో విడిచింది కాదు, మూట దించుకున్న మనిషి విడిచేది.

"ఆ పదిమందీ నెత్తిమీద తిరుగుతారని నెల్లాళ్లుగా నాకు నిద్రపట్టడం లేదు," అన్నారు నాతో మెల్లగా. "వాడికి చెప్తే చాదస్తం అంటాడు. ఇప్పుడు నేనేం చేయను? పాలు పొంగాయిగా!"

మాధురి ఇంకా నిలబడే ఉంది. "ఆంటీ, పైదానికి అంత కిరాయి మేం పెట్టలేం," అంది. ఆ పరిస్థితిలో కూడా నిజమే చెప్పింది, ఒక్క అత్తకు తప్ప ఎవరికీ అబద్ధం చెప్పినట్టు లేదు.

"కిందికి ఏం మాట్లాడామో అదే ఇవ్వమ్మా ఈ ఏడాదికి. వచ్చే ఏడు చూద్దాం. నా నెత్తిమీద చప్పుడు ఉండాలి గానీ, అది పిల్లలు పరిగెత్తే చప్పుడై ఉండాలి."

"నిజంగనా ఆంటీ?"

"నీకు రెండుసార్లు చెప్పాలా? అవతల బండి ఆగిపోయి ఉంది, వెళ్లు."

మాధురి మెట్ల దాకా వెళ్లి, అక్కడే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నాకు సిగ్గేమీ లేదు. కురుమమ్మ మాత్రం గిన్నెలోని మిగతా పరమాన్నం మనవలకు పెడుతూ, "నేను సరిగ్గనే వచ్చిన. మీకే తెల్వదు," అంది. ఇవాళ్టికీ ఆ ఇల్లు తానే చూసి పెట్టానని అందరికీ చెబుతుంది.

ఆ తర్వాతి సోమవారం సాయంత్రం పెరుగు తోడు ఇవ్వడానికి పైకి వెళ్లాను. బయట ఇంకా వెలుగు ఉంది. రాజీవ్ నారాయణగూడ నుంచి నడుచుకుంటూ వచ్చేశాడు. స్నానం చేసి పిల్లలిద్దరి మధ్యా కూర్చున్నాడు. మాధురి కుక్కర్ తీసి వేడివేడిగా అన్నం పెట్టి, పప్పు పోసింది. అతను ఎప్పటిలాగే గబుక్కున పెద్ద ముద్ద కలపబోయి, చురుక్కుమనేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆరేళ్లుగా అతను రాత్రిపూట మూతపెట్టిన చల్లన్నమే తిన్నాడు, పొగలొచ్చే అన్నం ఎట్లా తినాలో చెయ్యి మర్చిపోయింది.

హర్ష తల్లి మొహం చూడలేదు. కంచం తన వైపు లాక్కొని, "జర ఆగు నాన్నా, నేను ఊదుత," అన్నాడు.