పవర్ పత్రంలో అవ్వ నాలుక

సంబంధిత అధికారులకు, తమకేమీ సంబంధం లేదనే అధికారులకు సవినయంగా విన్నవించునది.

ఈ ఉదయం ఆత్మకూరు రిజిస్ట్రార్ కార్యాలయం ముందు ఒక అవ్వ, చేజర్ల దగ్గరి తన మెట్టచేను అమ్మిపెట్టమని మేనల్లుడికి పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వడానికి కూర్చున్నది. ‘ఇతడు చేసినదంతా నేను స్వయంగా చేసినట్లే’ అని లేఖరి చదవగానే, సిరా అంటిన వేలు వెనక్కి తీసుకున్నది.

“వీడు అబద్ధం చెప్తే నేను చెప్పినట్టేనా నాయనా?”

“అంతే అవ్వా. చట్టం అట్నే ఉండాది.”

అవ్వ మేనల్లుడి వైపు తిరిగింది. “బావిలో ఏడాదంతా నీళ్లని చెప్పినావంట కదరా. ఎండాకాలం చుక్క ఉండదని కొనేటోడికి ఇప్పుడే ఫోన్ చెయ్.”

“రేటు పడిపోద్ది అత్తా!”

“పడనీరా. ఇంక నీ నోట్లో ఉండేది నా నాలిక.”

అతడు ఫోన్ చేసి నిజం చెప్పిన తర్వాతే అవ్వ వేలిముద్ర వేసింది. నా పని కోసం అక్కడే బల్ల మీద కూర్చుని, ఏ అధికారి వచ్చినా లేవని నేను అప్పుడు లేచి నిలబడ్డానని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.

డిమాండ్ నం. 1: ఐదేళ్లకోసారి వేలికి సిరా పూయించుకుని మేమిచ్చేదీ ఇటువంటి పవరే గనుక, మా తరఫున మాట్లాడేవారందరినీ ముందుగా ఈ అవ్వ ఎదుట కూర్చోబెట్టాలి. సమర్థించేవారు కింద వేలిముద్ర వేయగలరు.