పిడుగత్త వేసిన మెత్తటి ముద్ర

మా మేనత్తను ఇంటిల్లిపాదీ పిడుగత్త అంటాం. మొహం మీదే అంటాం, ఆవిడకేం కోపం లేదు. ఆవిడ తలుపు వేస్తే గోడ మీది క్యాలెండరు ఊగుతుంది. గ్లాసు బల్ల మీద పెడితే, పక్కగదిలో గడియారాలు బాగుచేసుకునే మామయ్య చేతిలోంచి ఆవగింజంత మరమేకు ఎగిరి మంచం కిందికి దొర్లుతుంది. పాపం, ఆయన కాపురం సగం మంచం కిందే గడిచిపోయింది.

అలాంటి మనిషికి ఏరికోరి ఇచ్చినట్టు పోస్టాఫీసులో ముద్రలు కొట్టే ఉద్యోగం దొరికింది. ఇంకు ప్యాడు మీద ఒకటి, స్టాంపు మీద ఒకటి, పొద్దస్తమానం అదే మోత. స్టాంపులు సేకరించేవాళ్లు వచ్చి, “అమ్మా, బొమ్మ పాడవకుండా కాస్త మూలకి కొట్టండి” అని బతిమాలేవారు. “స్టాంపున్నది ఉత్తరం మొయ్యడానికి నాయనా, సింగారించుకోడానికి కాదు” అని నట్టనడుమ ఒక్కటిచ్చేది.

ముద్ర పడని స్టాంపుతో వేరే ఊరి నుంచి ఉత్తరమొస్తే మాత్రం ఆవిడకి ఒళ్లు మండేది. మళ్లీ ఎవరూ వాడకుండా దాన్ని పెన్నుతో అడ్డంగా గీసేసి, “చేతుల్లో సత్తువ లేనివాళ్లకి ఈ ఉద్యోగాలెందుకో!” అనేది.

ఈ మధ్య ఒక సహాయ సంఘం పుట్టి వందేళ్లయిందని ప్రత్యేకంగా స్టాంపు వేశారు. యుద్ధమొచ్చినా వరదొచ్చినా నువ్వెవరి మనిషివని అడక్కుండా ఆదుకునే సంఘం అది. పాత వరద ఫొటో ఒకటి చూసి బొమ్మ గీశారు: పడవలో ఒక నర్సు, ఆమె ఒళ్లో దుప్పటి చుట్టిన పిల్ల. నమూనా ఆఫీసుకు రాగానే మా అత్త కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆ ఫొటో ఆవిడ చిన్నప్పట్నుంచీ దాచుకున్నదే, ఆ పిల్ల తనే.

ఆ నర్సు ఇప్పుడు పండు ముసలిది, దూరంగా వేరే ఊళ్లో ఉంటుంది. అత్తకి ఆమె నర్సక్క. వాళ్లిద్దరి మధ్యా ఉత్తరాలు ఎప్పుడూ ఆగలేదు. కానీ ప్రాణం నిలబెట్టిన మనిషికి తిరిగి ఏమివ్వాలో అత్తకు ఏనాడూ తోచలేదు. ఇప్పుడు తోచింది. నర్సక్క మొహం మీద మచ్చ పడకుండా ఆ స్టాంపు నర్సక్క చేతికి చేరాలి.

“కొత్త స్టాంపు కవరు లోపల పెట్టి పంపరాదూ?” అన్నాడు మామయ్య.

“ఉత్తరం మొయ్యని స్టాంపు ఉత్త కాగితం ముక్క. నా చేత్తో ముద్ర కొట్టే పంపుతా. మూలకి.”

మూలకి అన్న మాట ఆవిడ నోట విని మామయ్య, నేను మొహమొహాలు చూసుకున్నాం. పెళ్లయ్యాక మొదటిసారి ఆయనకు పాఠం చెప్పే యోగం పట్టింది. పాత కవర్లు ముందేసుకుని, “మణికట్టు వదులు చెయ్యి. గడియారం ముల్లు పట్టుకున్నట్టు పట్టుకో. అబ్బ, ముల్లే, రోకలి కాదు!” అని నేర్పించాడు. అత్త బుద్ధిగా నేర్చుకుంది. మా ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు.

స్టాంపు విడుదలైన రోజు నేనూ వెళ్లాను. అత్త ఊపిరి బిగబట్టి, నర్సక్క కవరు మూల మీద పసిపిల్ల బుగ్గ తాకినట్టు ముద్ర ఆనించింది. కళ్లు నిండిపోయాయి. పడిందో లేదో చూసుకోకుండానే కవరు సంచిలో వేసేసింది.

కొన్నాళ్లకు నర్సక్క ఫోను చేసింది. అత్తకి గుసగుసలు తెలియవు, ఫోను కూడా స్పీకరులోనే పెడుతుంది కనుక ఇద్దరి మాటలూ ఇల్లంతా వినిపించాయి.

“ఏమే, నీ ముద్రేదే? పడనే లేదు! మా పోస్ట్‌మ్యాన్ పెన్ను తీసి నా మొహం మీద బర్రున గీసేశాడు.”

అత్త గోడకు చేరగిలబడింది. వేరే ఊళ్ల స్టాంపుల మీద తను గీసిన గీతే అది. “నా చేతులు పడిపోను! ఒక్కసారి, ఒక్కసారి మెత్తగా కొడదామనుకున్నా అక్కా...”

“ఏడవకే పిచ్చిదానా. గీత నా మొహం మీదే ఆగింది, నీ దాకా రాలేదు. ఆ రోజు పడవలో ఒడ్డు చేరేదాకా నేను చూసింది నీ మొహమేగా? కళ్లు తెరుస్తావా లేదా అని. నాకు కావలసిన బొమ్మ శుభ్రంగా చేరింది.”

అత్త భోరుమంది. ఆనక ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడుకి మామయ్య చేతిలోని మరమేకు ఎగిరి దొర్లిపోయింది. ఆయన మంచం కిందికి వంగాడు. ఈసారి కళ్లు తుడుచుకుంటూ అత్త కూడా ఆయన పక్కన వంగి వెతకసాగింది.