అయిదో తూటా

యుద్ధం వచ్చాక మా మేనమామకు కిరసనాయిలు, గడ్డం గీసుకునే బ్లేడు, రివాల్వరు తూటాలు దొరకడం మానేశాయి. మొదటి రెండూ లేకుండా బతకడం ఆయన త్వరగానే నేర్చుకున్నాడు. గడ్డం పెరిగింది, పొద్దు గూకితే పడకలు వేసేవాళ్ళు. తూటాలు మాత్రం ఇంట్లోనే తయారు చేసుకోవాలని నిశ్చయించాడు.

కార్వేటినగరం దారిలో ఆయనకు మామిడితోట ఉండేది. ఇల్లు తోటలోనే. పిల్లలు లేరు. ఉన్నది అత్త, రివాల్వరు, దానికి చిత్తూరు కలెక్టరాఫీసు ముద్ర వేసిన లైసెన్సు. జపాను వాళ్ళు మద్రాసు మీద బాంబులు వేస్తారని పట్నం ఖాళీ అయిన వేసవిలో మా కాలేజీ కూడా మూసేశారు. బి.ఎ. ఇంకో ఏడాది మిగిలి ఉండగా నేను తిరుపతి వచ్చి పడ్డాను. ఇంట్లో ఊరికే కూర్చుని తింటున్నానని మా అమ్మ నన్ను మామ తోటకు పంపింది. జపాను వాళ్ళు అంత దూరం రారని ఆమె నమ్మకం. ఆమె నమ్మకం వమ్ము కాలేదు. వచ్చినవాడు జపాను వాడు కాదు.

నేను వెళ్ళిన వారానికి వేలూరు జైలునుంచి ఒక కార్డు వచ్చింది. రాసినవాడు మామ చిన్నాయన కొడుకు. పంపకాల్లో తోట తూర్పు వరుస తనకు రావాలని ఆయన, రాదని మామ ఏళ్ళ తరబడి వాదులాడుకున్నారు. ఆ వాదులాట నడుమ ఒక ఎండాకాలం మామ గడ్డివామి తగలబడింది. నిప్పు పెట్టి పరిగెత్తుతున్న తమ్ముణ్ణి కళ్ళారా చూశానని మామ చిత్తూరు కోర్టులో చెప్పాడు. ఆ ఒక్క మాట మీద తమ్ముడికి అయిదేళ్ళు పడ్డాయి.

కార్డు నేనే చదివి వినిపించాను. "అన్నకు నమస్కారములు. ఇక్కడ నేను క్షేమము. వచ్చే గురువారం నన్ను వదిలిపెడతారు. శుక్రవారం నేరుగా మీ ఇంటికే వస్తాను. వదిన చేతి అన్నం తిని అయిదేళ్ళయినది. భోజనమైన తరువాత మాట్లాడుకుందాము."

"ఎంత మర్యాదగా రాసినాడు మామా," అన్నాను.

"అదేరా నా భయం. వాడు పుట్టినకాడినుంచి నాకు నమస్కారం పెట్టినోడు గాదు," అన్నాడు మామ. కార్డు వెనక్కి తిప్పి, అక్కడ ఏమీ లేదని తేల్చుకుని, మళ్ళీ ముందుకు తిప్పాడు.

రివాల్వరు ఖాళీగా ఉంది. ఉన్న తూటాలు యుద్ధానికి ముందే అడవిపందుల మీద ఖర్చయ్యాయి. మద్రాసు తుపాకుల అంగడివాడు యుద్ధం ముగిశాక కనపడమన్నాడు. తమ్ముడు అంతకాలం ఆగేలా లేడు. అదృష్టం కొద్దీ మామ కాల్చిన ప్రతి తూటా ఇత్తడి గొట్టాన్నీ పచ్చడి జాడీలో దాచుకున్నాడు. పింఛను పుచ్చుకున్న ఒక సుబేదారు ఆయనకు పూర్వం ఈ విద్య నేర్పి, ఒక డబ్బాలో మందు, అడకత్తెర లాంటి పనిముట్టు ఇచ్చి పోయాడు. కొరత కేపులకే. తూటా అడుగున కూర్చుని, దెబ్బ తగలగానే మందుకు నిప్పు అంటించే ఆ చిన్న రాగి బిళ్ళలు ఇంట్లో చేసుకునేవి కావు. ఉన్నవాటిలో చిలుము పట్టనివి ఆరే తేలాయి. కాబట్టి ఆరు తూటాలు. ఏడోదానికి దారి లేదు.

మంగళవారం ఇలాంటి పని పెట్టుకోకూడదని బుధవారం పెట్టుకున్నాడు. అంతకు ముందురోజే అత్త ఇత్తడి గొట్టాలను చింతపండు నీళ్ళలో ఉడికించి బిందెలతో పాటు తోమింది. మామ ఎక్కడిదో పాత సీసపు గొట్టం గరిటెలో కరిగించి అచ్చులో గుండ్లు పోశాడు. ఒకటి బొద్దుగా, ఒకటి బక్కగా, రకరకాలుగా వచ్చాయి. ఒక్క తల్లి పిల్లలే ఒక్కలాగుండరు అని సమాధానపడ్డాడు.

పని సామాన్ల గదిలో. గాలికి మందు ఎగురుతుందని కిటికీ మూశాడు. మామ కళ్ళలో శుక్లాలు ముదురుతున్నాయి. అందుకని చూపు మీద కాకుండా చేతుల వరస మీద ఆధారపడ్డాడు. గొట్టానికి కేపు నొక్కాలి, చిట్టెతో మందు పోయాలి, గుండు దిగ్గొట్టి మూతి బిగించాలి. ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి. చిట్టె అంటే పాత తూటా అడుగు కోసి తీగతో పిడి కట్టిన కొలత. తూటాకు ఒక్క చిట్టె, అంచుకు సమంగా తలగొట్టి. రెండు పడితే ఏమవుతుందో సుబేదారు చెప్పిన కథ మామ నాకు ముందే చెప్పాడు. వాళ్ళ పటాలంలో ఒకడు పరధ్యానంగా రెండుసార్లు పోశాడట. కాల్చినప్పుడు రివాల్వరు అరటిపువ్వు మాదిరి విచ్చుకుందట. ఆ తర్వాత అతను ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకున్నాడట.

"మాట్లాడొద్దు, కదలొద్దు, నవ్వొద్దు," అని మామ నాకు మూడు షరతులు పెట్టాడు. నాలుగోది ఆయనకు తట్టలేదు.

నాలుగు తూటాలు అయ్యాయి. అయిదోదానికి కేపు నొక్కాడు. అప్పుడే అత్త వంటింట్లో ఎండుమిరపకాయలు వేయించింది. నేను తుమ్మాను.

ఒక్క తుమ్ము. రెండయితే ఏ దోషమూ లేదని మా వైపు లోకమంతా ఒప్పుకుంటుంది.

"ఇంగొకటి తుమ్మరా," అన్నాడు మామ, చేతులు గాల్లో పెట్టుకుని.

ముక్కు ఎంత నలిపినా రాలేదు. కాలేజీ చదువు ఇలాంటి వేళల్లో ఎందుకూ పనికిరాదు. మామ నా వైపు కాసేపు చూసి, లేచి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, దేవుడి పటం ముందు కూర్చోవడానికి వెళ్ళాడు. ఆయన తప్పు చేశాడనను. ఆ ఇంట్లో ఎవరైనా అదే చేసేవాళ్ళు. తప్పు చేసింది నేను. నాకు శకునాల మీద నమ్మకం లేదు, పని ఆగిపోవడం మీద చిరాకు ఉంది. అయిదో గొట్టం నోరు తెరుచుకుని నిలబడి ఉంది. ఆయనకు ఒక పని తగ్గుతుందని చిట్టెడు మందు తలగొట్టి దాంట్లో పోశాను.

మామ తిరిగివచ్చి కూర్చున్నాడు. చేయి చిట్టె మీదికి పోయింది. చెప్పాలని నేను నోరు తెరిచాను. "నాయనా, ఈ గంగాళం ఒక పక్క పట్టు," అని అత్త వంటింట్లోంచి పిలిచింది. గంగాళం పట్టి వచ్చేసరికి అయిదోది మూతి బిగిసి, ఆరోది ఆయన చేతిలో ఉంది.

"మామా, అయిదోది..."

"మాట్లాడొద్దన్నానా?"

పని ముగిశాక ఆయన ఆరింటినీ నూనెగుడ్డతో తుడిచి నస్యం డబ్బాలో వేసి, సంబరంగా చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడించాడు. అంతటితో అయిదోది ఏదో చెప్పగలిగినవాడు భూమ్మీద లేకుండా పోయాడు.

ఆ రెండు రోజులూ నేను ఊరికే ఉండలేదు. మామ స్నానానికి పోయినప్పుడు తూటాలను అత్త మందుల త్రాసులో జంటలుగా తూచాను. రెండుసార్లు మందు పడ్డది బరువు తూగాలి కదా అని నా శాస్త్రజ్ఞానం. బొద్దు గుండ్లు, బక్క గుండ్లు కలిసి శాస్త్రాన్ని ఓడించాయి. ఆరూ ఆరు బరువులు. ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఇదేనేమో అనిపించేది. మిగిలిన దారి నిజం చెప్పడం. దాన్ని నేను శుక్రవారం పొద్దుటి దాకా వాయిదా వేశాను.

మామ అరుగు మీద కూర్చుని రివాల్వరులో తూటాలు పెడుతున్నాడు.

"మామా, మొన్న నువ్వు నీళ్ళు తాగను పోయినప్పుడు నేనొక చిట్టెడు పోసినాను."

చేయి ఆగింది. "దేంట్లో?"

"అయిదోదాంట్లో."

"నేనూ పోసినానే."

"అనుకున్నాను."

"బుధవారం అనుకుంటే శుక్రవారం చెప్తావా? బి.ఎ. సదివేవాళ్ళకు అంత ఆలస్యంగా తడతాదా?" అని, గొంతు తగ్గించి, "అయిదోది యాదిరా ఇప్పుడు?" అన్నాడు.

డబ్బా వైపు చూశాను.

"గుండ్లు పెరికి చూద్దామా?" అన్నాను.

"మందు నిండిన దాన్ని పట్టకారుతో పెరకాల. సూసే కండ్లు నాకు లేవు, పెరికే గుండె నీకు లేదు. బస్సు పదింటికి వస్తాది." ఆయన మిగిలిన తూటాలు కూడా ఒక్కొక్కటే లోపలికి తోశాడు. "ఆరింట్లో అయిదు మంచియ్యేరా. వానికి ఆరోదాని సంగతి తెలీదు గదా."

రివాల్వరు ఒళ్ళో పెట్టుకుని పైన తువ్వాల కప్పుకున్నాడు.

తమ్ముడు పదింటి బస్సులోనే వచ్చాడు. నేను ఒక రాక్షసుణ్ణి ఊహించుకున్నాను. వచ్చింది తెల్లజుట్టు, బక్క మనిషి, చంకలో మూట. మూటలోంచి జైల్లో తాను నేసిన దుప్పటి తీసి అత్త చేతికిచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. భోజనంలో చారు రెండుసార్లు పోయించుకున్నాడు.

"వదినా, నీ సేతి చారు మారలేదు. అదొక్కటే మారలేదు," అన్నాడు.

మామ తినలేదు. ఎడమచేయి తువ్వాల కిందినుంచి బయటికి రాలేదు. భోజనమయ్యాక ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. అత్త గడప లోపల నిలబడింది.

"అన్నా, ఆ తువ్వాల కింద ఉండేది నాకోసమేనా?"

"తోటలో పందులు తిరగతా ఉండాయి."

"పగలు తిరగతాయా?" తమ్ముడు నవ్వలేదు. ఆకు వక్క నిదానంగా మడిచాడు. "వామి కాలిన పొద్దు నేను తిరుత్తణిలో ఉన్నాను. అది నీకు తెలుసు. సూసినానని సెప్పినావు. సరే పో."

మామ కాదనలేదు. కాదంటాడేమోనని నేను చాలాసేపు ఎదురుచూశాను.

"రేపు పొద్దున వస్తా. తూర్పు వరుస కాయలు కోసుకుంటా. నిచ్చెనా చిక్కమూ నేనే తెచ్చుకుంటా, నీకు శ్రమ లేదు. ఇష్టం లేకుంటే కాల్చు. నీకు సులువుగా ఉండేటట్టు ఈపు ఇటు తిప్పి కోస్తా," అని లేచి, నాతో "పోయొస్తా అప్పా," అని చెప్పి వెళ్ళిపోయాడు.

చెప్పిన మాట ప్రకారమే వచ్చాడు. తెల్లవారి వెలుగు బాగా వచ్చాక, తూర్పు వరుస మొదటి చెట్టుకు నిచ్చెన వేసి, వీపు ఇటు తిప్పి, చిక్కంతో కాయలు దింపడం మొదలుపెట్టాడు. మామ రివాల్వరు పట్టుకుని నడిచాడు. వెనక నేను, నా వెనక అత్త. శుక్లాలున్న మనిషికి కూడా తప్పిపోనంత దగ్గరికి వెళ్ళి ఆగాడు.

"వచ్చినావా అన్నా?" అన్నాడు తమ్ముడు, తిరగకుండానే.

మామ చేయి చాచి బొటనవేలితో, తూటాను కొట్టే గుర్రాన్ని వెనక్కి లాగాడు. రివాల్వరు చక్రం ఒక్క గది తిరిగి ఆగిన చప్పుడు విన్నాను. ఆరింట్లో ఏదో ఒకటి రివాల్వరు గొట్టానికి ఎదురుగా వచ్చి కూర్చుంది. మంచిదయితే చెట్టు మీది మనిషి పోతాడు. అయిదోదయితే మామ పోతాడు. ఏది రావాలని కోరుకోవాలో నాకు తెలియలేదు. నాకు నచ్చిన మూడో దారి, ఎవరో వచ్చి వద్దని చెప్పడం. అలా చెప్పగలిగినవాడు అక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను.

మామ అరచేయి పిడి మీద సర్దుకుంటూనే ఉంది, వేడి గిన్నె పట్టుకున్నట్టు. కాసేపటికి మెల్లిగా నా వైపు తిరిగి దాన్ని నాకు అందించాడు.

"నువ్వు కాల్చు. సగం మందు నీదే గదా."

చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అత్త నా చేతులకేసి చూసింది.

ఆయన గుర్రాన్ని రెండు బొటనవేళ్ళతో పట్టి, కాస్త కాస్తగా కిందికి దింపాడు. ఆ తోటలో అంత నెమ్మదిగా జరిగిన పని నేను ఇంకొకటి చూడలేదు. పైన చెట్టులో కోత ఆగలేదు. గంప నిండాక తమ్ముడు దిగి, తలకెత్తుకుని, మేము నిలబడ్డ కాలిబాట మీదుగానే వచ్చాడు.

"దారి వదులన్నా."

మామ పక్కకు జరిగాడు.

ఆదివారం నాటికి తూర్పు వరుస అయిపోయింది. సోమవారం తమ్ముడు నిచ్చెన నడిమి వరుసకు వేశాడు. నడిమి వరుస మీద ఎవరికీ ఎప్పుడూ తగాదా లేదు. "ఆ పక్క కాయలు అయిపోయినాయి వదినా," అని అత్తకు వివరించి, ఊరగాయకని ఒక గంప గుమ్మంలో దించిపోయాడు. అత్త ఊరగాయ పెట్టింది. బాగా కుదిరింది.

కాలేజీ వేరే ఊళ్ళో తెరుస్తారని తెలిసిన మర్నాడే నేను బస్సెక్కాను. చదువుల మీద అంత ప్రేమ నాలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

అత్త ఉత్తరాలు రాసేది. మొదట్లో తోట సంగతులు. నడిమి వరుస అయిపోయిందని, పడమటి వరుసకు తమ్ముడు పాదులు తీయిస్తున్నాడని. తర్వాత ఇంటి సంగతులు. ఆయన బండి మన వాకిట్లోనే విప్పుతున్నాడని, మనల్ని అడగకుండానే బావికి కొత్త గిలక వేయించినాడని. చివరి ఉత్తరం పొట్టిది. "మీ మామ బాగుండాడు. అరుగు మీదనే పండుకుంటాడు, నన్ను కూడా దగ్గరికి రానీడు. ఆ మనిషి నిన్న పెద్దగదిలో పెట్టె దించినాడు. మీ మామ ఈసారి ఊరుకునేటట్టు లేడు నాయనా. నువ్వొకసారి వచ్చి ఆ ఆరు తూటాలూ తీసి యాడన్నా పారేసిపో. నాకియ్యడు, నువ్వడిగితే ఇస్తాడేమో."

పరీక్షలు దగ్గరపడ్డాయని జవాబు రాశాను. వాటి తేదీ ఇంకా ఎవరూ చెప్పలేదన్న సంగతి రాయలేదు.