అనంతగిరి మీద బీరన్న డోలు

తాండూరులో వెంకటేశ్వర్ సేటు పప్పు మిల్లులో కందులు చెరిగే బీరమ్మ, భర్త పోయాక దేవుణ్ణి ఒక్కటే అడిగేది. ఆయన డోలు ఇంకొక్కసారి వినిపించమని. మనిషిని తిరిగి ఇమ్మనడం అత్యాశ అని ఆమెకు తెలుసు. చప్పుడు అడగడంలో తప్పేముంది?

బీరన్నది కుల్కచర్ల దగ్గరి పల్లె. గొర్రెలు కాచుకుని బీరప్ప దేవుణ్ణి కొలిచే ఇల్లు. మంద కరిగిపోయాక తాండూరు వచ్చి, బండలు పాలిష్ పట్టే యూనిట్లో చేరాడు. ఏళ్ల తరబడి ఆ దుమ్ములోనే నిలబడ్డాడు. సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేస్తే గానీ డోలును తాకేవాడు కాదు. జాతరలో అన్ని డోళ్ల మధ్య కూడా ఆయన దెబ్బ ఏదో బీరమ్మ గుర్తుపట్టేది. ఫోన్లలో తీసిన జాతర వీడియోలలో మాత్రం ఆమెకూ తెలిసేది కాదు. అన్నీ కలిసిపోయి ఒకటే మోత.

జనం ముందు ఆయన ఒక్కడే కొట్టింది ఒకే ఒక్కసారి. వికారాబాదు పక్కన అనంతగిరి గుట్టల మీద హైదరాబాదు పిల్లల హార్డ్ రాక్ బృందం ఒకటి కచేరీ పెట్టింది. వాళ్లలో గిటారు వాయించే నిఖిల్ అంతకుముందు జాతరలో బీరన్నను చూసి ముచ్చటపడ్డాడు.

"మా పాట ముంగట అయిదు నిమిషాలు కొట్టన్నా. కచేరీ అంతా రికార్డు చేసి గ్రామఫోను ప్లేటు వేస్తున్నం" అన్నాడు.

"అయిదు నిమిషాలంటే ఎట్ల తమ్మీ? దేవుణ్ణి పిలిచినంక సాగనంపాలె. నడుమ డోలు దించితే ఆయన గాడనే నిలబడిపోతడు" అన్నాడు బీరన్న. అది వాళ్లింటి ఆనవాయితీ. పిలుపు దరువుతో మొదలుపెడితే సాగనంపే దరువుతోనే ఆపాలి.

నిఖిల్ నవ్వి తలూపాడు.

ఆ రోజు కూతురు కరుణకు జ్వరం వచ్చి బీరమ్మ వెళ్లలేకపోయింది. మరిది మల్లేశ్ వెళ్లాడు. అతను చెప్పిందే ఆమెకు తెలుసు. అయిదు నిమిషాలు దాటగానే నిఖిల్ ఆపమని చేత్తో సైగ చేశాడట. బీరన్న కళ్లు మూసుకుని ఉన్నాడట. నడుమ డోలు పైకెత్తి "బీరప్పో!" అని ఒక్క కేక వేస్తే, ఆ దేవుడి పేరు ఎన్నడూ విననివాళ్లు కూడా "ఓ..." అని గుట్టలు పలికేలా అరిచారట. సాగనంపే దరువు దాకా కొట్టి గానీ దిగలేదట. మల్లేశ్ ఫోన్లో తీశాడు గానీ, పెద్ద స్పీకర్ల ముందు నిలబడినందుకు గరగర తప్ప ఏమీ పట్టలేదు.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో బీరన్న పోయాడు. ఊపిరితిత్తుల నిండా రాతి పొడేనన్నారు. యూనిట్ యజమాని వచ్చి దండ వేసి, బయట కారు ఎండలో ఉందని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు నిఖిల్ ఫోన్ చేశాడు. మర్యాద తెలిసిన పిల్లవాడు. ముందు కరుణ చదువు అడిగాడు, తర్వాతే విషయం చెప్పాడు.

"అమ్మా, ప్లేటుల ఒక్కో దిక్కు ఇరవై నిమిషాలే పడ్తది. అన్న కొట్టింది మస్తు పొడుగున్నది. జర కోసి చిన్నగ చెయ్యాల్నా? మిమ్మల్ని అడగకుండ చెయ్యబుద్ధి కాలే."

బీరమ్మ ఆలోచించనే లేదు. "నడుమ కొయ్యొద్దు కొడుకా. దేవుని దరువది. పెడితే మొత్తం పెట్టుండ్రి."

"సరేనమ్మా, మీ మాటే" అన్నాడు నిఖిల్.

భర్త ఉన్నా ఇదే మాట చెప్పేవాడనుకుని ఆమె మనసు నిండింది. మర్నాడు మిల్లులో అందరికీ బెల్లం పంచింది.

"మా ఆయన ప్లేటుల వస్తుండు!"

"ప్లేటుల అన్నం తినుడే ఎరుక మాకు. మొగుణ్ణి పెట్టుకునుడు నీకే చెల్లిందే!" అంది పద్మారాణి. చెరిగేవాళ్లంతా పగలబడి నవ్వారు. బీరమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ప్లేటు మల్లేశ్ ఊరికి పార్సిలు వచ్చింది. ఆ పాటలు ఫోన్లలో వినడానికి పెట్టరట, ప్లేటు మీదనే వినాలట. మల్లేశ్ దాన్ని తెస్తుంటే బస్సులో సందు లేకపోయింది. కండక్టర్ దాన్ని అడిగి తీసుకుని, నలగకుండా తాండూరు దాకా తన సీటు వెనక నిలబెట్టుకున్నాడు. అట్ట మీద బీరన్నే ఉన్నాడు. నుదుట పసుపు, పైకెత్తిన డోలు. బీరమ్మ ఆ బొమ్మను కళ్లకద్దుకుంది.

ప్లేట్లు వాయించే మిషను సేటు ఇంట్లో ఉంది. దేవుడి దరువు అని తెలిసి వెంకటేశ్వర్ సేటు ముందే స్నానం చేసి కూర్చున్నాడు. కోడలు వైశాలి ఊదుబత్తి వెలిగించింది. బీరమ్మ కుర్చీలో కూర్చోనని నేల మీద కూర్చుంటే, వైశాలి కూడా వచ్చి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

మొదటి పాటకే కిటికీలు అదిరాయి.

"ఏందిరా మల్లేశా, ఇంట్ల క్రషర్ పెట్టినట్టున్నది!" అన్నాడు సేటు.

"జర ఓపిక పట్టు సేటూ, అన్న వస్తడు."

ఒక దిక్కు అయిపోయింది. రెండోది తిప్పారు. గిటారు ఒకటి సన్నగా లేచి, ఠక్కున ఆగింది. వెంటనే జనం "ఓ..." అని అరిచారు. మల్లేశ్ లేచి నిలబడ్డాడు.

"వదినా! గిది... గీ అరుపు అన్నకు పడ్డది. డోలెత్తినప్పటిది."

బీరమ్మ మిషను దగ్గరికి జరిగింది. అరుపు తగ్గింది. మళ్లీ గిటారే వచ్చింది. ఆ దిక్కు చివరి దాకా గిటారే వచ్చింది.

మల్లేశ్ అక్కడి నుంచే నిఖిల్‌కు ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టడంతో అందరికీ వినిపించింది.

"అమ్మే కొయ్యొద్దన్నది గదన్నా. కొయ్యకుంటే పట్టది. అందుకే మొత్తం తీసేసినం. అమ్మ మాట దాటలే" అన్నాడు నిఖిల్. గొంతులో కపటం లేదు.

"మరి జనం అరుపు?"

"గంత మంచి అరుపు మళ్ల ఏడ దొరుకుతదన్నా? మా పాటకు కలిపినం."

"తీసేసింది జర పంపరాదు?"

నిఖిల్ గొంతు తగ్గింది. "అది... వేరే కచేరీ రికార్డు చేస్తుంటే కంప్యూటర్ల జాగ సరిపోక చెరిపేసినం. అప్పుడే అడిగుంటే పంపుతుంటి గదా."

సేటు ముఖం ఎర్రబడింది. "ఫోన్ ఇటియ్యి, నేను మాట్లాడ్త."

"ఒద్దు సేటూ. ఆ పిలగాడు అబద్ధం ఆడలే. నేను చెప్పినట్టే చేసిండు" అంది బీరమ్మ.

వైశాలి ఆమె చెయ్యి పట్టుకుంది. బీరమ్మ కాసేపటికి లేచి, ఊదుబత్తి నుసి నేల మీద రాలి ఉంటే కొంగుతో తుడిచింది. ప్లేటు ఇంటికి తీసుకుపొమ్మంటే వద్దంది.

మర్నాడు మిల్లులో చాట పట్టిందో లేదో, అందరూ చుట్టూ మూగారు.

"ఏమే, మంచిగ కొట్టిండా మీ ఆయన?" అంది పద్మారాణి.

బీరమ్మ చాటలో కందులు పోసుకుంది. పొద్దున్నే ప్రతిరోజూ చాటను కళ్లకద్దుకునే మనిషి, ఆ పూట అద్దుకోలేదు.

"మస్తు కొట్టిండు" అంది.

"సాగనంపే దాకా వచ్చిందా? ఏం కొయ్యలే గదా?"

"ఏం కొయ్యలే."

"మాక్కూడ వినిపియ్యరాదు? సేటును నేనడుగుత."

"ఎందుకే," అంది బీరమ్మ చాట ఎగరేస్తూ, "మీరు చేసే లొల్లిల ఏం వినొస్తది."