కొసరు అడుగు

ఎల్లారెడ్డిలో డిగ్రీ పిల్లలను ఉరికించడం నా ఉద్యోగం. సార్ నోరు దురుసు, విజిల్ అంతకన్నా దురుసు అని వాళ్లు నా వెనక అనుకుంటారని తెలుసు. అనుకోనివ్వండి, నాకేం నష్టం.

ఏటా ఒకసారి షటిల్ పరీక్ష పెడతాను. ఇరవై మీటర్ల దూరంలో రెండు గీతలుంటాయి. స్పీకర్లో బీప్ వినబడేలోపు ఒక గీత నుంచి రెండో గీతకు చేరాలి, తర్వాతి బీప్‌లోపు వెనక్కి రావాలి. పోనుపోను బీప్‌లు దగ్గరపడతాయి. అందుకోలేనివాళ్లు బయటికి. ఎన్నిసార్లు ఉరికారో పట్టికలో చూస్తే వాళ్ల దమ్మెంతో, అంటే పీల్చిన గాలిని ఒళ్లు ఎంత వాడుకోగలదో, అంచనా దొరుకుతుంది.

ఆ ఏడు మా పిల్లల దమ్ము చూసి నాకే దిమ్మ తిరిగింది. అందరూ గుర్రాలే. అందరికన్నా ముందు నాగిరెడ్డిపేట నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి. తల్లి బీడీలు చుట్టి చదివిస్తోంది. పిల్లకు పోలీసు ఉద్యోగం మీద ప్రాణం. రాత పరీక్ష గట్టెక్కింది, ఇక పరుగు మిగిలింది.

"నీకేంది బిడ్డా, కండ్లు మూసుకొని ఉరికినా పాసైతవ్" అన్నాను పట్టిక చూసి.

ఆ వారమే కామారెడ్డిలో ఒక డాక్టరు నలుగురైదుగురు పిల్లలను పంపమని అడిగాడు. ఆయన దగ్గర ఒక మిషన్ ఉంది. మూతికి మాస్కు కట్టి, కదిలే పట్టా మీద ఉరికిస్తే, ఒళ్లు ఎంత గాలి వాడుకుంటుందో అంచనా కాదు, అసలు లెక్కే చెబుతుంది. ఆ అమ్మాయితో కలిపి ఐదుగురిని నేనే గర్వంగా వెంటబెట్టుకొని పోయాను. ఐదుగురికీ నా పట్టిక చెప్పినదానికన్నా బాగా తక్కువ వచ్చింది.

"గ్రౌండు పరీక్షలు అంచనాలే కదా సార్" అని డాక్టరు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

తిరుగు బస్సెక్కాం. ఎల్లారెడ్డి బస్టాండులో దిగాక ఆ అమ్మాయి మెల్లగా అంది: "ఉరుకుడుకు పోను సార్. దమ్ము లేకుంట పోయి నవ్వులపాలు ఎందుకు? అవ్వతోని బీడీలు చేసుకుంట."

పరుగుకు ఇంకా రెండు వారాలున్నాయి. లేని ఆశ పెట్టింది నేనే కదా అని నాకు మనసు మనసులో లేదు.

మరునాడు పొద్దున్నే ఆ మిషన్‌దే తప్పని తేల్చేద్దామని ఆఫీసు టేపు పట్టుకొని గ్రౌండుకు పోయాను. గీతల మధ్య దూరం ఇరవై మీటర్లకు దాదాపు రెండు మీటర్లు తక్కువ. పరీక్షకు ముందు ఆ సున్నం గీతలు గీయించింది ప్రహరీగోడకు పని చేస్తున్న మేస్త్రితో. అతణ్ణి పిలిచి నిలదీశాను.

"ఇరవై పెట్టుమన్నరు, పెట్టిన సార్" అన్నాడు తాపీగా. "జాగకు ఇరవై అంటె ఇరవై గజాలే గద. మీటర్లు బట్టలకు గద సార్."

నిజమే, నేను 'ఇరవై' అని ఊరుకున్నాను. ఇక్కడే పుట్టి పెరిగి, ఇంటి జాగ గజాల్లో కొనుక్కున్న నాకు ఆ మాట తట్టలేదు. ఇక మేస్త్రిని ఏ ముఖం పెట్టుకొని తిడతాను!

గీతలు సరిచేసి ఐదుగురినీ మళ్లీ ఉరికించాను. "ఒక్కసారి ఉరుకు, తర్వాత నీ ఇష్టం" అని బతిమాలితే ఆ అమ్మాయి వచ్చింది. నలుగురికీ అంచనా దిగి మిషన్ చెప్పినదానికి దగ్గరగా వచ్చింది. ఆ అమ్మాయి వంతు చివర. ఈసారి స్పీకర్ దగ్గర కాకుండా గీత దగ్గరే నిలబడ్డాను. ఆమె గీత దాటి ఒక అడుగు అవతల పెట్టి వెనక్కి మర్లుతోంది. అటు చివరా అంతే. వెంటనే ఆపించాను.

"గీత దాటుడేంది?"

"కొసరు సార్" అంది సిగ్గుపడుతూ. "మా అవ్వ కట్టకు రెండు బీడీలు ఎక్కువే పెడ్తది. తక్కువైనయని ఎవ్వలు అనొద్దని. నాకు గదే అలవాటైంది."

"అప్పుడు గూడ గిట్లనే ఉరికినవా?"

"ఎప్పుడు గిట్లనే సార్."

ఆ అడుగులు కొలిచాను. రెండు చివర్లా కలిపితే మేస్త్రి గజాల్లో తగ్గిన దూరమంతా వచ్చింది. అంటే మొదటి రోజు కూడా ఆమె ఇరవై మీటర్లే ఉరికింది. మరి మిషన్ ఎందుకు తక్కువ చెప్పిందని అడిగాను.

"పట్టా మీద పడ్తనేమోనని పక్కనున్న కమ్మి పట్టుకొనే ఉరికిన సార్. దమ్ము అయిపోలే. భయమై చెయ్యెత్తిన, ఆపిండ్రు."

కాసేపు కూర్చోబెట్టి, గీత మీదే మర్లమని చెప్పి ఉరికించాను. మొదటి రోజు అంచనాయే మళ్లీ వచ్చింది. ఆమె అంచనా రాసిన కాగితం తీసుకొని రెండుసార్లు చూసుకుంది. "ఉరుకుడుకు పోత సార్" అంది.

పరుగు రోజు నన్ను లోపలికి రానివ్వలేదు. ఇనుప జాలి కంచె బయట నిలబడి గోళ్లు కొరుక్కున్నాను. ఆమె ఒళ్లంతా దుమ్ముతో వచ్చి "పాసైన సార్" అంది.

"గీత కాడ ఆగినవా మరి?"

"గీత దాటి ఇంకొక్క అడుగేసిన సార్. గది మా అవ్వది."

నా కళ్లలో నీళ్లు ఆమె చూడకముందే, బస్సు పోతుంది నడువు అని కసిరాను.