హోల్డ్‌లో పెట్టిన కిడ్నీ

భిలాయి సెక్టర్ 6లో భుజంగరావు గారు పాస్ చెయ్యనిదే వాళ్లింటి గడప లోపలికి వంకాయ కూడా రాదు. ఆయన రైలు పట్టాల మిల్లులో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. పట్టాలోకి శబ్ద తరంగాలు పంపి, కంటికి కనబడని లోపాలను పట్టుకోవడం ఆయన ఉద్యోగం. లోపం లేకపోతే ఓకే. ఉంటే ఎర్ర గీత. తేలకపోతే హోల్డ్. అంటే, భుజంగరావు గారు మళ్లీ వచ్చి తీర్పు చెప్పేదాకా ఆ పట్టా పక్కన పడి ఉండాలి.

రిటైరైనా తీర్పులు మానలేదు. పవర్ హౌస్ బజారులో పుచ్చకాయలను వేలితో కొట్టి, చెవి ఆనించి, బండివాడి మొహం మీదే రిజెక్ట్ చేసేవారు. అల్లుడు మనోజ్‌కుమార్‌ను పెళ్లిచూపులనాడు హోల్డ్‌లో పెట్టారు. కూతురు నీలిమ కాపురానికి వెళ్లి ఏళ్లు గడిచినా ఆ తీర్పు వెలువడలేదు. మనోజ్‌కుమార్ దుర్గ్‌లో ప్రభుత్వ గుమాస్తా కనుక పెండింగ్ అనేది అతనికి కొత్త కాదు.

మనవరాలు ఇంద్రజ ఒక్కతే ఎదురుమాట లేకుండా ఓకే అయింది. స్నానమవగానే గౌను ఎత్తి, "తాతా, ఓకే రాయి" అనేది. ఆయన గంభీరంగా పరీక్షించి పొట్ట మీద పెన్నుతో రాసేవారు.

ఆ ముద్రను రుద్ది కడుగుతుండగానే అమ్మమ్మ సత్యలక్ష్మి చేతికి ఎడమవైపు గట్టిగా తగిలింది. కిడ్నీలో గడ్డ. కేన్సర్. పిల్లకింకా నాలుగో ఏడు రాలేదు.

రాయపూర్‌లో చూసిన డాక్టరు ఛాయ భిలాయిలో పెరిగిన తెలుగమ్మాయే.

"ముందు మందులేటమ్మా? చెడిందాన్ని కోసి పారెయ్యాల గానీ!" అన్నారు భుజంగరావు గారు.

"పెద్దగా ఉందంకుల్. ఇప్పుడు కోస్తే చిట్లొచ్చు. కీమోతో కుదించి తీద్దాం."

కుదించారు. జుట్టు ఊడింది. గడ్డతోపాటు ఎడమ కిడ్నీ తీసేశారు. హమ్మయ్య అనుకునేలోగా ల్యాబ్ మరో సంగతి తేల్చింది. తీసిన కిడ్నీలో గడ్డ కాక చిన్న చిన్న ముద్దలూ ఉన్నాయి. తల్లి కడుపులో కిడ్నీ తయారయ్యేటప్పుడు ఎదగడం మరిచి, అలాగే మిగిలిపోయిన కణాలు. గడ్డ మొలిచేది అలాంటి చోటే. కొన్ని మందుకు కరుగుతాయి, కొన్ని పడుకుని ఉంటాయి, ఎప్పుడో ఏదో ఒకటి లేస్తుంది. కుడి కిడ్నీలోనూ ఉండొచ్చు. అందుకని మందులు సాగాలి, కొన్ని నెలలకోసారి స్కానింగ్ జరగాలి.

మొన్నటి స్కానింగుకు భుజంగరావు గారు కూడా లోపలికి జొరబడ్డారు. అక్కడా శబ్ద తరంగాల యంత్రమే! పాత ఉద్యోగం ఒంట్లోకి తిరిగొచ్చింది.

"దీదీ, మెషీన్ కా కేలిబ్రేషన్ కబ్ హువా?" అంటూ యంత్రాన్ని ఎప్పుడు సరిచూశారో ఆరా తీశారు.

"అంకుల్‌జీ, ఆప్ బైఠియే," అంది స్కానింగ్ అమ్మాయి.

"కూకోండి మీరు! అదేటి, పట్టా అనుకున్నారా?" అంది సత్యలక్ష్మి.

ఆయన కూర్చోలేదు. తెర మీద నల్లటి మచ్చను వేలితో చూపించి, "ఇదిగో, ఇక్కడుంది లోపం," అని ప్రకటించారు. అది పిత్తాశయమని, దేవుడు అందరికీ ఒకటి ఇచ్చాడని ఆ అమ్మాయి వివరించింది. మనోజ్‌కుమార్ మామగారి ఎదుట మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు పూర్తికాకముందే ఆమె చెయ్యి ఇంకోచోట ఆగింది. అక్కడ భుజంగరావు గారికి ఏమీ కనబడలేదు.

ఛాయ వచ్చి చూసింది. "కుడి కిడ్నీ అంచున మినపగింజంత ఉందంకుల్."

"చెడ్డదా?"

"ఇప్పుడే చెప్పలేం."

"ముక్క తీసి చూడండి మరి."

"పిల్లకి మిగిలిన కిడ్నీ ఇదొక్కటే కదా! పైగా చిన్న ముక్కతో అది పడుకుందో లేచిందో తేలదు. మళ్లీ స్కాన్ చేసి, పెరుగుతోందేమో చూద్దాం."

"అంటే హోల్డ్."

"అలాగే అనుకోండి."

"తీర్పు ఎవరిస్తారమ్మా?"

ఛాయ పిల్ల తల నిమిరింది.

ఉద్యోగంలో ఆయన ఎన్ని పట్టాలను హోల్డ్‌లో పెట్టి, తాపీగా కేంటీన్‌కు నడిచారో లెక్క లేదు. ఆవేళ మనోజ్‌కుమార్ టీ తెస్తానంటే వద్దన్నారు. ఆ అల్లుడి భుజమే పట్టుకుని నిలబడ్డారు.

బల్ల మీద ఇంద్రజ గౌను ఎత్తే ఉంచింది. పొట్టంతా జెల్ మెరుస్తోంది.

"తాతా, ఓకే రాయి."

పెన్ను ఆనించారు. జారిపోయింది.

"రాయట్లేదమ్మా."

"క్యోం?"

"తడిగా ఉంది కదా. ఆరనీ."

రుమాలు తీసి తుడిచారు. పొట్ట ఆరిపోయింది. ఆయన తుడుస్తూనే ఉన్నారు.